ప్రాగ్‌లో ఒక పొద్దు

ప్రాగ్ గుర్తుకొస్తే ముందు చెవిలో మోగేది ట్రామ్ చప్పుడు. ఎరుపూ మీగడ రంగూ కలిసిన పాత తాత్రా టీ3 బండి మలుపులో పట్టాలను ఒరుసుకుంటూ కీచుమని వచ్చి ఆగుతుంది. తలుపులు దభాలున మూసుకుంటాయి. మళ్లీ కదులుతుంది. ఆ చప్పుడు వెంట మిగతావన్నీ ఒక్కొక్కటే వస్తాయి: రాత్రి వానకు తడిసి మెరుస్తున్న రాళ్ల వీధి, తెల్లవారకముందే తెరిచిన రొట్టెల దుకాణంలోంచి గసగసాల వాసన, వ్లతావా నది మీద ఇంకా విడిపోని మంచు. చెక్ దేశపు రాజధాని ఇది, అక్కడివాళ్లు తమ ఊరిని ప్రాహా అంటారు. ఆ పేరే దానికి బాగా నప్పుతుంది.

డ్రెస్డెన్ నుంచి రైల్లో రెండున్నర గంటలు పట్టదు కాబట్టి జర్మనీలో చదువుకునే మన పిల్లలు చాలామంది శనివారం పొద్దున వచ్చి రాత్రికి వెనక్కి వెళ్లిపోతుంటారు. షెంగెన్ వీసా ఒక్కటే చాలు, వేరే ముద్ర అక్కర్లేదు. అయితే యూదుల పేటలోని మ్యూజియాలూ స్మశానమూ శనివారం మూసేస్తారు. ఒక్కరోజే దొరికితే ఆదివారం కూడా కాస్త ఇబ్బందే, కోటలోని పెద్ద చర్చిలో మధ్యాహ్నం దాకా ప్రార్థనలుంటాయి, సందర్శకులను రానివ్వరు. కనుక వారం మధ్యలో వీలు చేసుకోగలిగితే అదే మేలు.

ఒక్కరోజులో ప్రాగ్ అయిపోదు. కానీ ఆ ఒక్కరోజునీ సూర్యుడి వెంట నడిపిస్తే చాలా దక్కుతుంది. ఈ ఊరు ఆరు వందల ఏళ్లుగా కాలాన్ని కొలుస్తూ వచ్చింది: గడియారంతో, స్తంభం నీడతో, చీకటి గదిలోకి దూరే ఎండ చుక్కతో. పంచాంగం ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకు ఆ కొలతలు కొత్తవి కావు. కొత్తది కాదని తెలిసేసరికే సాయంత్రం అయిపోతుంది, అదొక్కటే బెంగ. అందుకే ముందే చెప్పుకోవడం.

పొద్దు వంతెన మీదే మొదలవ్వాలి. జూన్‌లో అక్కడ ఐదు గంటలకు కాస్త ముందే సూర్యోదయం, సెప్టెంబర్ చివర ఏడు గంటలకు దగ్గరగా, డిసెంబర్‌లో ఎనిమిదికి. ఏ కాలమైనా సూర్యోదయానికి పావుగంట ముందు చార్లెస్ వంతెనకు పాత ఊరి వైపు బురుజు దగ్గరికి చేరుకోవాలి. అటు నుంచి ఇటు నడవడానికి కారణం ఉంది. పొద్దు వెనక నుంచి పొడుస్తుంది, ఎదురుగా కొండ మీద కోట మీద మొదటి వెలుతురు పడుతుంది. ఎదురు దిశలో నడిస్తే కళ్లలో ఎండ, విగ్రహాలన్నీ నల్లటి నీడలు. వంతెన పొడవు 516 మీటర్లు, వెడల్పు సుమారు 10 మీటర్లు, 16 కమానులు. ఆ వేళ ఏడెనిమిది నిమిషాల నడక. అదే పదకొండు గంటలకు వస్తే జాతరలో రథం వెనక నడిచినట్టు అడుగులో అడుగు వేసుకుంటూ పోవాల్సిందే.

ఈ వంతెనకు ముందు అక్కడ యూదిత్ వంతెన ఉండేది. 1342 వరద దాన్ని ఊడ్చుకుపోయింది. నాలుగో చార్లెస్ కొత్తదానికి శంకుస్థాపన చేసిన ముహూర్తం 1357 జూలై 9, తెల్లవారుజామున 5 గంటల 31 నిమిషాలని చెబుతారు. సంవత్సరం, తేదీ, నెల, గంట, నిమిషాలు వరసగా రాస్తే 1 3 5 7 9 7 5 3 1. బేసి అంకెలు ఎక్కి దిగిన మెట్లలా కనిపిస్తాయి. పెళ్లికీ గృహప్రవేశానికీ నిమిషాలతో సహా ముహూర్తం రాయించుకునే మనకు ఈ సంగతి ఎంత దగ్గరగా అనిపిస్తుందో చెప్పక్కర్లేదు. కట్టడం పూర్తయ్యేసరికి పదిహేనో శతాబ్దం వచ్చింది. 1890 వరదలో కొన్ని కమానులు కూలితే మళ్లీ కట్టారు.

విగ్రహాలు 30. వాటిలో అన్నిటికన్నా పాతది 1683 నాటి యాన్ నెపొముక్ కంచు విగ్రహం, తల చుట్టూ ఐదు నక్షత్రాలతో ఉంటుంది. 1393లో ఆ పూజారిని రాజాజ్ఞ మీద ఈ వంతెన పైనుంచే నదిలోకి తోసేశారు. విగ్రహం అడుగున ఉన్న లోహపు పలకల్లో జనం చెయ్యి తాకిన చోటల్లా బంగారంలా మెరుస్తుంది, తాకనిచోట నల్లగా ఉంటుంది. ఇసుకరాతి విగ్రహాల్లో చాలావరకు ఇప్పుడు నకళ్లు. వాన, పొగ రాతిని తినేస్తుంటే అసలువాటిని తీసి జాతీయ మ్యూజియం రాతి శిల్పాల భవనంలోనూ వ్యెషెహ్రాద్ కోట కింద చల్లటి నేలమాళిగలోనూ దాచారు. ఆ మాట వింటే కొందరికి ఉత్సాహం తగ్గుతుంది. తగ్గాల్సిన పనిలేదు, నకళ్లు కూడా చెయ్యి తిరిగిన శిల్పులు చెక్కినవే.

మంచు పడే రోజుల్లో ఈ వంతెన మీద నడుస్తుంటే ఖగోళ శాస్త్రవేత్త యోహానెస్ కెప్లర్ తప్పకుండా గుర్తొస్తాడు. 1611లో ఒక మిత్రుడికి కొత్త సంవత్సరం కానుక ఏమివ్వాలా అని ఆలోచిస్తూ వంతెన దాటుతుంటే కోటు మీద మంచు రేకులు పడ్డాయట. ప్రతి రేకుకీ ఆరు మూలలే ఎందుకున్నాయి అన్న ప్రశ్న మీద చిన్న వ్యాసం రాసి అదే కానుకగా ఇచ్చాడు. జేబులో డబ్బు లేనివాడి కానుక అది. ఇప్పటికీ స్ఫటికాల గురించి మాట్లాడేవాళ్లు ఆ వ్యాసాన్ని తలుచుకుంటారు. డిసెంబర్‌లో క్రిస్మస్ ముందు వారాల్లో సాయంత్రం వెళ్తే పాతకాలపు దుస్తులు వేసుకున్న మనిషి పొడవాటి కర్రతో వంతెన మీది గ్యాస్ దీపాలను ఒక్కొక్కటే వెలిగిస్తూ పోతాడు. అతని వెనకాలే పిల్లలు నడుస్తారు.

వంతెన దాటాక కోట కింద మాలా స్ట్రానా అనే పేట. అక్కడ పొద్దున తినడానికి కోలాచ్ అడగాలి. అరచేతంత గుండ్రటి తీపి రొట్టె, నడుమ గుంటలో గసగసాల ముద్ద గానీ, రేగుపళ్లలాంటి ప్లమ్ పళ్ల జామ్ గానీ, త్వారోహ్ అనే జున్నులాంటి పెరుగు గడ్డ గానీ ఉంటుంది. మన ఇళ్లలో గసగసాలను మసాలాలో చెంచా లెక్కన వేస్తాం, వాళ్లు నూరి పాలూ చక్కెరా కలిపి ఉడికించి ముద్దలు ముద్దలుగా తింటారు. ప్రపంచంలో గసగసాలు ఎక్కువ పండించే దేశాల్లో చెక్ ఒకటి. నీలి రంగు గింజ, మన తెల్లదానికన్నా కమ్మన ఎక్కువ. బాగుందని ఒక పొట్లం కొని పెట్టెలో పెట్టుకునేముందు ఒక్క మాట: దుబాయ్ మీదుగా ఇంటికి వెళ్లేవాళ్లు అస్సలు కొనకూడదు. అరబ్ ఎమిరేట్స్‌లో గసగసాలు నిషిద్ధం, సామానులో దొరికితే కేసు అవుతుంది.

వంతెన నుంచి కోటకు చాలామంది నేరుగా ఎక్కేస్తారు. నేరూదోవా వీధి నిటారుగా ఉంటుంది, కాళ్ల కింద రాళ్లు, పైకి చేరేసరికి మోకాళ్లు సగం అయిపోతాయి. పెద్దవాళ్లు వెంట ఉంటే అసలే వద్దు. మలొస్ట్రాన్‌స్కే నామ్యెస్తీ దగ్గర 22 నంబరు ట్రామ్ ఎక్కి, కోట స్టాపులో దిగకుండా ఇంకాస్త పైకి పోహోర్జెలెత్స్ దాకా వెళ్లాలి. అక్కడ దిగితే కోట దాకా దారంతా పల్లమే. ఇదే దారిలో 23 నంబరు కూడా నడుస్తుంది, దాని మీద తిప్పేవి ఆ పాత టీ3 బండ్లే. ఆ చప్పుడు వినాలంటే అదెక్కాలి, కానీ మెట్లు ఎత్తు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు 22 నయం.

టికెట్ సంగతి జాగ్రత్త. 30 నిమిషాలది, 90 నిమిషాలది, 24 గంటలది, 72 గంటలది ఉంటాయి. ఒకే టికెట్ మీద ట్రామ్, బస్సు, మెట్రో అన్నీ ఎక్కొచ్చు. కాగితం టికెట్ కొన్నంత మాత్రాన చెల్లదు, ఎక్కగానే పసుపు పెట్టెలో పెట్టి సమయం ముద్ర వేయించుకోవాలి. మెట్రోకైతే కిందికి దిగే చోటే ఆ పెట్టె ఉంటుంది, రైలు లోపల ఉండదు. 24 గంటల టికెట్‌కు ముద్ర ఒక్కసారే. రెండోసారి వేస్తే మొదటి సమయం చెరిగిపోయి టికెట్ పాడవుతుంది. తనిఖీవాళ్లు మామూలు బట్టల్లో ఉంటారు, కొత్తవాళ్లమని చెబితే వదలరు. టికెట్ కొన్నా ముద్ర లేక జరిమానా కట్టినవాళ్లే ఎక్కువ.

పోహోర్జెలెత్స్‌లో దిగగానే ఇద్దరు మనుషుల కంచు విగ్రహం, ఆకాశంలోకి చూస్తూ. టీకో బ్రాహీ, కెప్లర్. 1984లో పెట్టారు. ఈ రోజంతటికీ వాళ్లిద్దరే తోడు అనుకోవచ్చు. బ్రాహీ డెన్మార్క్ వాడు, దూరదర్శిని పుట్టకముందే కంటితో, పెద్ద పెద్ద లోహపు కొలతపరికరాలతో గ్రహాల స్థానాలు రాసిపెట్టినవాడు. రెండో రుడోల్ఫ్ చక్రవర్తి కొలువుకు ప్రాగ్ వచ్చాడు. కెప్లర్ 1600లో ఆయన దగ్గర సహాయకుడిగా చేరాడు. మరుసటి ఏడాదే బ్రాహీ చనిపోయాడు. ఆయన కుజుడి లెక్కలతో కుస్తీ పట్టిన కెప్లర్, గ్రహాలు తిరిగేది వలయంలో కాదు దీర్ఘవృత్తంలో అని 1609లో ప్రకటించాడు. మన బడి పుస్తకాల్లో వచ్చే ఆ మొదటి రెండు నియమాలూ ఈ ఊళ్లోనే తేలాయి.

అక్కడి నుంచి దిగుతుంటే ఎడమపక్క లొరెటా అనే పాత చర్చి. దాని గోపురంలో 27 గంటలు, పగలు ప్రతి గంటకీ అవన్నీ కలిసి మేరీ మాత పాట ఒకటి మోగిస్తాయి. లోపలికి వెళ్లక్కర్లేదు, ఎదుటి అరుగు మీద కూర్చుని వింటే చాలు. తొమ్మిది గంటల పాట విని కదిలితే కోట టికెట్ దగ్గర ఇంకా తొక్కిసలాట మొదలై ఉండదు.

కోట గుమ్మం దగ్గర సంచులు వెతుకుతారు. ఆవరణలోకి రావడం ఉచితం, భవనాల లోపలికే టికెట్. ఆ టికెట్ రెండు రోజులు చెల్లుతుంది, కాబట్టి మర్నాడు కూడా ఊళ్లో ఉండేవాళ్లు అన్నీ ఒక్కపూటే చూసేయాలని పరుగెత్తొద్దు. ముందు సెయింట్ వీటస్ చర్చి. వరస పెరిగేది దాని ముందే. 1344లో మొదలై 1929లో పూర్తయింది, 585 ఏళ్లు. పడమటి వాకిలి నుంచి లోపలికి రాగానే పైన కనిపించే భాగం పాతదనుకుంటారు, నిజానికి అదే కొత్తది. పాతది తూర్పు కొస, గర్భగుడి వైపు. పేటర్ పార్లెర్ కట్టిన కప్పు అక్కడే ఉంది, రాతి కమ్ములు వలలా అల్లుకుని ఉంటాయి. ఎడమవైపు ఆల్ఫోన్స్ మూఖా గీసిన రంగు అద్దాల కిటికీ ఉంటుంది. దక్షిణపు బురుజు ఎక్కాలంటే వేరే టికెట్, 287 మెట్లు, సుడి తిరిగే ఇరుకు దారి. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఒకరినొకరు తప్పుకోవాలి. గుండె జబ్బు ఉన్నవాళ్లు మానుకోవాలి. పైన 1549 నాటి జిక్‌ముంద్ గంట ఉంది, ఆ దేశంలో అంత పెద్దది మరొకటి లేదు.

పాత రాజమందిరంలో ఒక కిటికీ ముందు తప్పక ఆగాలి. 1618 మే 23న ప్రొటెస్టెంట్ పెద్దలు చక్రవర్తి ప్రతినిధులు ఇద్దరినీ, వాళ్ల గుమాస్తానూ ఆ కిటికీలోంచి కిందికి విసిరేశారు. ముగ్గురూ బతికారు. కానీ దాంతో రాజుకున్న యుద్ధం 30 ఏళ్లు యూరప్‌ను కాల్చింది. ఆ కిటికీ చూసి బయటికి తొంగి చూస్తే ఎత్తు అర్థమవుతుంది. బంగారు సందు అనే చిన్న వీధిలో గుడిసెల్లాంటి ఇళ్లు, తల వంచితే గానీ పట్టని గుమ్మాలు. 22 నంబరు ఇంట్లో 1916, 17లలో రచయిత కాఫ్కా కూర్చుని రాసుకునేవాడు. అక్కడ పది నిమిషాలు చాలు.

మధ్యాహ్నం పన్నెండింటికి మొదటి ప్రాంగణంలో బాకాలతో, జెండాతో కాపలా మార్పిడి జరుగుతుంది. బాగుంటుంది, కానీ జనం వెనక నిలబడితే తలలు తప్ప ఏమీ కనిపించవు. కాపలావాళ్లు ప్రతి గంటకీ మారతారు, పది గంటలకో పదకొండుకో గుమ్మం దగ్గర నిలబడితే దగ్గర నుంచి చూడొచ్చు. పన్నెండు గంటలకల్లా మనం నది అవతల ఉండాలి. తూర్పు గుమ్మం నుంచి పాత కోట మెట్లు దిగితే మలొస్ట్రాన్‌స్కా మెట్రో. పచ్చ గీత ఏ లైను, ఒక్క స్టేషను, స్టారోమ్యెస్ట్‌స్కా. ఎస్కలేటరు పొడవు చూసి కళ్లు తిరుగుతాయి, కుడిపక్క నిలబడాలి, ఎడమపక్క నడిచేవాళ్లకు వదలాలి.

భోజనం పదకొండున్నరకే. చెక్ వాళ్లు పొద్దున్నే పనులకు పోతారు కాబట్టి మధ్యాహ్నం భోజనం కూడా తొందరే. హోటళ్ల బయట పలక మీద పొలెద్నీ మెనూ అని రాసి ఉంటే అది ఆ రోజు వంటకం, ధర తక్కువ, రెండు గంటలకల్లా అయిపోతుంది. చౌరస్తాలోకి తెరుచుకునే హోటళ్లలో కాకుండా రెండు వీధులు లోపలికి పోతే దొరుకుతుంది. మాంసం తిననివాళ్లకు స్మాజెనీ సీర్ ఉంది: వేలు మందం జున్ను ముక్కను పిండి, గుడ్డు, రొట్టె పొడి వరసగా అద్ది నూనెలో వేయిస్తారు. వేడిగా ఉన్నప్పుడే తినాలి, చల్లారితే రబ్బరు. గుడ్డు కూడా వద్దనుకునేవాళ్లు అది గుర్తుంచుకోవాలి. బంగాళదుంప సూప్ బ్రంబొరాచ్కా ఇంపుగా ఉంటుంది, ఎండు పుట్టగొడుగులూ మర్వం లాంటి ఆకూ వేస్తారు, కానీ చాలాచోట్ల మాంసం రసంతో కాస్తారు, అడిగి తెలుసుకోవాలి. బల్ల మీద బుట్టలో రొట్టె పెడితే అది ఉచితమనుకోవద్దు, ముట్టుకుంటే బిల్లులో వస్తుంది. వీధుల్లో బొగ్గుల మీద తిప్పుతూ కాల్చే త్రుదెల్నీక్ వాసన లాగుతుంది గానీ అది ప్రాగ్ పాత వంటకమేమీ కాదు, యాత్రికుల కోసం వచ్చింది.

డబ్బు మార్చుకునేచోట కమీషన్ సున్నా అని పెద్దగా రాసి ఉంటుంది, మోసం రేటులో ఉంటుంది. చేతికి ఎన్ని కొరూనాలు వస్తాయో ముందే కాగితం మీద రాయించుకోవాలి. అయినా మోసపోతే, 2019 నుంచి ఉన్న చట్టం ప్రకారం వెయ్యి యూరోలకు మించని మార్పిడిని మూడు గంటల్లోపు రద్దు చేసుకోవచ్చు, రసీదు మాత్రం పారేయకూడదు. వీధిలో మంచి రేటంటూ దగ్గరికొచ్చేవాళ్లు చెల్లని నోట్లో, వేరే దేశం నోట్లో చేతిలో పెడతారు. ఏటీఎం మీ దేశపు కరెన్సీలో లెక్కించమంటారా అని అడిగితే వద్దనాలి.

ఇక పాత ఊరి చౌరస్తా. మేరీ మాత స్తంభానికి ఉత్తరంగా నేలలో ఇత్తడి పట్టీ ఒకటి పొదిగి ఉంది. ఒకప్పుడు ప్రాగ్ కాలాన్ని నడిపిన మధ్యాహ్న రేఖ అని దాని మీద లాటిన్‌లో రాసి ఉంటుంది. స్తంభం నీడ ఆ పట్టీ మీద పడితే అదే ఊరికి మిట్టమధ్యాహ్నం. పదిహేడో శతాబ్దపు స్తంభాన్ని 1918 నవంబర్ 3న, ఆస్ట్రియా పాలన పోయిన కొత్తలో, జనం లాగి పడేశారు. నూరేళ్లకు పైగా ఆ రేఖకు నీడ లేదు. 2020లో అదేచోట కొత్త స్తంభం నిలిపారు. అంతకు ముందు చూసినవాళ్లకు ఆ పట్టీ ఖాళీ నేలలో తెగిపోయిన వాక్యంలా ఉండేది, ఇప్పుడు మళ్లీ నీడ వచ్చి చేరుతోంది.

పన్నెండింటికే నిలబడితే మాత్రం నీడ రాదు. ప్రాగ్ 15 డిగ్రీల రేఖాంశానికి కాస్త పడమరగా ఉంది కాబట్టి రెండు నిమిషాలకు పైగా ఆలస్యం. వేసవి గడియారం ఒక గంట ముందుకు జరిపి ఉంటుంది. పైగా సూర్యుడు ఏడాది పొడవునా ఒకే తీరున నడవడు. అన్నీ కలిపితే మే మధ్యలో ఒంటిగంటకు నిమిషం ముందు, జూలై చివర 1:09 ప్రాంతంలో, నవంబర్ మొదట్లో 11:46కే నీడ రేఖ మీదికి వస్తుంది. జూన్‌లో నీడ స్తంభం ఎత్తులో సగమే, డిసెంబర్‌లో మూడింతలు దాటుతుంది. మబ్బు పడితే ఏమీ లేదు, మర్నాడు రావాల్సిందే.

పక్కనే టౌన్‌హాలు గోడకు ఓర్లోయ్ అనే ఖగోళ గడియారం. గంట కొట్టేముందు వందలమంది ఫోన్లు పైకెత్తి నిలబడతారు, కిటికీలు తెరుచుకుని ఏసు పన్నెండుగురు శిష్యుల బొమ్మలు తిరిగి పోతాయి, నిమిషం లోపే అయిపోతుంది, ఇంతేనా అంటూ జనం చెదిరిపోతారు. అది గడియారం తప్పు కాదు. చూడాల్సింది బొమ్మలను కాదు, ముఖాన్ని. అది గంటకు ముందూ వెనకా ఖాళీగా ఉన్నప్పుడు తీరిగ్గా చూడాలి. గంట కొట్టేటప్పుడు చూడదలిస్తే కుడిపక్క అస్థిపంజరం మీద కన్నుంచాలి, తాడు లాగి మొదలుపెట్టేది అదే. చివర బంగారు కోడి కూస్తుంది, ఆ తర్వాతే గంటలు. మరో చెయ్యి జేబు మీద ఉండాలి.

ఇది 1410 నాటి పని. కదాన్ ఊరి మికులాష్ అనే గడియారాల పనివాడు, లెక్కలకు యాన్ షిందెల్ అనే పండితుడు. హనుష్ అనేవాడు చేశాడనీ, మరోచోట చేయకుండా అతని కళ్లు పొడిచేశారనీ గైడులు ఇప్పటికీ చెబుతారు. కథే అది. ముఖం నడుమ ఉన్నది భూమి, అంటే ప్రాగ్‌లో నిలబడ్డ మనిషి. చుట్టూ నీలం పగలు, కింద నలుపు రాత్రి, మధ్య రెండు పక్కలా ఎర్రటి సంధ్యలు. బంగారు సూర్యుడున్న ముల్లు రోజుకు ఒక చుట్టు తిరుగుతుంది. రోమన్ అంకెలు మామూలు గంటలు. అన్నిటికన్నా బయటి వలయం మీది పాత లిపి అంకెలు పాత చెక్ గంటలు, సూర్యాస్తమయం నుంచి లెక్క. మనకు రోజు సూర్యోదయంతో మొదలైతే వాళ్లకు అస్తమయంతో ముగిసేది. అస్తమయ వేళ రోజూ మారుతుంది కాబట్టి ఆ వలయం కూడా ఏడాది పొడవునా అటూ ఇటూ జరుగుతూనే ఉంటుంది.

నీలం మీద వంపు గీతల మధ్య 1 నుంచి 12 దాకా ఇంకో లెక్క. పగలు ఎంతైనా పన్నెండు భాగాలే. జూన్‌లో ఒక భాగం 80 నిమిషాలు దాటుతుంది, డిసెంబర్‌లో 40 నిమిషాలే. మొదటిసారి వింటే యూరప్ వాళ్లు తికమకపడతారు. పగటిని ఎనిమిది భాగాలు చేసి రాహుకాలం, పన్నెండు చేసి హోరలు చూసుకునే ఇళ్లలో పుట్టినవాళ్లకు ఒక్క మాటలో అర్థమవుతుంది. పక్కకు జరిగి తిరిగే బంగారు వలయం మీద పన్నెండు రాశులు ఉంటాయి. ఆ రోజు సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో చూసి మన పంచాంగంతో పోల్చొచ్చు, కానీ తేడా వస్తుంది. అది సాయన లెక్క, మార్చి 20, 21 ప్రాంతంలోనే మేషంలోకి వస్తాడు. మన నిరయన లెక్కలో ఏప్రిల్ 14 దగ్గర. తప్పు ఎవరిదీ కాదు, రెండు లెక్కల్లో మేషం మొదలయ్యే చోట్ల మధ్య తేడా, దాన్నే అయనాంశ అంటారు, ఇప్పుడు సుమారు 24 డిగ్రీలు.

లోపల ఒకే ఇరుసు మీద ఒకే సైజు పళ్ల చక్రాలు మూడు. రాశులదానికి 365 పళ్లు, సూర్యుడిదానికి 366, చంద్రుడిదానికి 379. ఒకే జోరుతో తిప్పినా పళ్లు తక్కువున్నది కాస్త ముందు పోతుంది. అందుకే నక్షత్రాలు సూర్యుడికన్నా రోజుకు నాలుగు నిమిషాలు ముందూ, చంద్రుడు యాభై నిమిషాలు వెనకా. ఆకాశాన్నంతా మూడు అంకెల్లోకి దించిన ఆ మనిషిని తలుచుకుంటే చేతులు జోడించాలనిపిస్తుంది. చంద్రుడి ముల్లు చివర సగం వెండి సగం నలుపు గోళం తనంత తానే తిరుగుతూ తిథిలా కళలు చూపిస్తుంది. 1945 మే 8న, యుద్ధం ముగిసేనాడు, టౌన్‌హాలుతో పాటు ఈ గడియారమూ కాలింది. 1948కి మళ్లీ నడిచింది. బురుజు పైకి లిఫ్ట్ ఉంది, పెద్దవాళ్లను నిశ్చింతగా తీసుకెళ్లొచ్చు.

టౌన్‌హాలు తూర్పు గోడ కింద నేలలో 27 తెల్ల శిలువలు. కిటికీ కథ అక్కడ ముగుస్తుంది: తిరుగుబాటు ఓడిపోయాక 1621 జూన్ 21న 27 మందిని ఆ చోటే చంపారు. తెలియనివాళ్లు వాటి మీద నిలబడి ఓర్లోయ్ ఫోటోలు తీసుకుంటుంటారు. ఎదురుగా టీన్ చర్చి జంట గోపురాల కింద బ్రాహీ సమాధి, ఎర్ర పాలరాతిలో కవచం తొడిగిన మనిషి. చర్చి రోజంతా తెరిచి ఉండదు, వేళలు ముందే చూసుకోవాలి. ద్వంద్వయుద్ధంలో ముక్కు తెగిన ఆయన పెట్టుకున్న లోహపు ముక్కు వెండిదనీ బంగారందనీ అనుకునేవారు. 2010లో సమాధి తెరిచి పరీక్షిస్తే ఇత్తడి అని తేలింది.

పాత గ్రంథాలయమూ బురుజూ ఉన్న క్లెమెంటీనమ్‌కు గైడుతోనే వెళ్లాలి, ముందే సమయం తీసుకుంటే మంచిది. 172 మెట్లు. 1722 నాటి గ్రంథాలయాన్ని గుమ్మం దగ్గర నిలబడే చూడాలి, ఊపిరిలోని తడి కూడా పుస్తకాలకు చేటని లోపలికి రానివ్వరు. దాని పైన చీకటి గది. గోడలో చిన్న రంధ్రం, నేల మీద దారం. ఎండ చుక్క దారాన్ని దాటిన క్షణాన పైనున్నవాడు జెండా ఊపేవాడు, ఊరంతా గడియారాలు సరిచేసుకునేది. 1842 నుంచి 1928 దాకా అలా సాగింది. ఇక్కడే 1775 నుంచి ఒక్కరోజు మానకుండా ఉష్ణోగ్రత రాస్తున్నారు. రెండు ప్రపంచ యుద్ధాలు వచ్చినా ఆ పుస్తకంలో ఖాళీ లేదు.

యూదుల పేట యోసెఫోవ్ నాలుగు గంటల తర్వాత కొంచెం నిమ్మళిస్తుంది. యూదుల టౌన్‌హాలుకు రెండు గడియారాలు. కింది దాని మీద హీబ్రూ అక్షరాలే అంకెలు, ఆ లిపిలాగే ముళ్లు కూడా కుడి నుంచి ఎడమకు, వెనక్కి తిరుగుతాయి. రోడ్డు మీంచే కనిపిస్తుంది, టికెట్ లేదు. పాత స్మశానంలో మొదటి రాయి 1439ది, చివరిది 1787ది. చోటు లేక మట్టి పోసి ఒక వరస మీద ఇంకో వరస పాతిపెట్టారు, రాళ్లన్నీ ఒకదాని భుజం మీద ఒకటి వాలి ఉంటాయి. పింకస్ సినగాగ్ గోడల నిండా పేర్లు, నాజీల చేతుల్లో పోయిన బొహీమియా, మొరావియా యూదులవి, 80 వేలకు దగ్గర. 2002 వరదలో కింది వరసలు చెరిగిపోతే మళ్లీ చేత్తో రాశారు. ఇంటిపేరు ఎర్రగా, మనుషుల పేర్లు నల్లగా. అక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడరు. దీన్ని రోజు మధ్యలో ఇరికించకుండా ఆఖరున పెట్టడం మంచిది, బయటికి వచ్చాక ఇంకేమీ చూడాలనిపించదు కాబట్టి.

అక్కడి నుంచి నేరుగా నది వైపు నడిచి చెఖ్ వంతెన దాటితే ఎదురుగా లెట్నా గుట్ట మెట్లు. పైన పెద్ద రాతి అరుగు. 1955లో స్టాలిన్ విగ్రహం నిలబెట్టింది దాని మీదే, 1962లో పేల్చేశారు. 1991 నుంచి అదేచోట ఎర్రటి పొడవాటి లోలకం అటూ ఇటూ ఊగుతోంది, సంగీతం నేర్పేవాళ్లు తాళానికి పెట్టుకునే మెట్రోనోమ్‌లా. గాలి ఎక్కువైతే, మరమ్మతు వస్తే ఆగిపోతుంది కూడా. అరుగు అంచున ఊరి కుర్రాళ్లు కూర్చుని ఉంటారు, పక్కన చోటిస్తారు.

కింద వ్లతావా, దాని మీద ఒకదాని వెనక ఒకటి వంతెనలు. పొద్దున నడిచినది వాటిలో ఏదో విగ్రహాల వరసను బట్టి పోల్చుకోవచ్చు. ఎండ ఎరుపెక్కి ముందు నీటిని వదులుతుంది, తర్వాత కప్పులను, చివరికి టీన్ గోపురాల కొసలను. ఆ గోపురాల పక్కన, ఇక్కడికి కనిపించని గోడ మీద, బంగారు సూర్యుడు అప్పుడే 24 దగ్గరికి చేరి ఉంటాడు.